చైను జారుతోందా? గేరు సెట్టు మార్చే ముందు ఒక స్కేలు తెచ్చుకోండి

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. 21 గేర్ల హైబ్రిడ్ సైకిల్, కొని రెండేళ్లయింది. వారానికి మూడు రోజులు మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, రానూపోనూ 22 కిలోమీటర్లు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాలు బలంగా వేస్తే చైను టక్కుమని జారుతోంది. వెనక చక్రం నెలకి రెండుసార్లు పంచర్ అవుతోంది. బ్రేకు వేస్తే వీధి వీధంతా వినబడేలా కీచుమంటోంది. షాపులో చూపిస్తే గేరు సెట్టు మొత్తం పోయింది, 6,500 అవుతుంది అన్నారు. ఇంట్లో నాన్నగారి పాత సైకిల్ మూలన పడి ఉంది, దాన్ని కూడా దారిలో పెట్టవచ్చా అని చివర్లో అడిగారు.

మా నాన్నది గుడివాడ దగ్గర చిన్న ఊళ్లో సైకిల్ షాపు. అద్దెకిచ్చే సైకిళ్లు పన్నెండు, ముందర నీళ్ల తొట్టి, గోడకి వేలాడే పాత టైర్లు. బడి వదలగానే నా చోటు ఆ తొట్టి పక్కనే. ఇప్పుడు హైదరాబాదులో పద్దెనిమిదేళ్లుగా ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తున్నాను. నా సైకిళ్లే కాదు, అపార్ట్‌మెంట్‌లో పిల్లల సైకిళ్లు కూడా ఆదివారం నా దగ్గరికే వస్తాయి. కాబట్టి కింద రాసేదంతా చేత్తో చేసి చూసిందే.

మీ షాపాయన చెప్పింది సగం నిజం అయ్యుండొచ్చు. ఏ సగమో తేలాలంటే కొలవాలి. వారానికి 66 కిలోమీటర్లు, ఏడాదికి 50 వారాలు, రెండేళ్లకి 6,600. ఈ మొత్తంలో చైను ఒక్కసారి కూడా మార్చలేదని మీరే రాశారు. మన రోడ్ల దుమ్ములో 7 స్పీడు చైను అంత దూరం వచ్చిందంటే దానికి దణ్ణం పెట్టాలి. అది అరిగే ఉంటుంది. కానీ చైను అరగడం వేరు, గేర్లు మార్చే యంత్రం పాడవడం వేరు.

కొలిచే పద్ధతి సులువు. అంగుళాల గీతలున్న స్టీలు స్కేలు గానీ టేపు గానీ తీసుకోండి. చైను కింది వరస కాకుండా పై వరస మీద, పెడల్ కాస్త ముందుకి నొక్కి చైను బిగుతుగా ఉన్నప్పుడు పెట్టండి. ఏదో ఒక పిన్ను నడిమధ్యకి సున్నా ఆనించి, ఆ పిన్నుతో కలిపి 25వ పిన్ను దాకా లెక్కపెట్టండి. సైకిల్ చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం సరిగ్గా అర అంగుళం, కాబట్టి కొత్త చైనులో ఆ 25వ పిన్ను నడిమధ్య కచ్చితంగా 12 అంగుళాల గీత మీద పడుతుంది. మిల్లీమీటర్లలో 304.8. అంగుళంలో పదహారో వంతు దాటిందంటే, అంటే సుమారు 306.4 మిల్లీమీటర్లు వచ్చిందంటే, చైను మార్చే వేళయింది. అప్పుడే మారిస్తే ఖర్చు చైనుతో పోతుంది. ఎనిమిదో వంతు దాటి 308 దాకా వచ్చిందంటే ఆ చైను వెనక పళ్లచక్రాలని కూడా తన కొలతకి అరగదీసేసుకుందని అర్థం.

చైను సాగింది అంటాం గానీ ఇనుప పలకలు రబ్బరులా సాగవు. లోపల పిన్ను అరుగుతుంది, అది తిరిగే రంధ్రం అరుగుతుంది. ఒక్కో చోట వెంట్రుకవాసి సందు వచ్చినా 110 చోట్ల కలిపితే అర అంగుళం పైమాటే. కొత్త చైను వేయించేటప్పుడు పాత చైను పక్కన పెట్టి సమానంగా కోయించారనుకోండి, ఒక లింకు ఎక్కువ పడుతుంది. పొడవు చూడకండి, లింకులు లెక్కపెట్టి అన్నే ఉంచమనండి. ఈ పొరపాటు నేనూ చేశాను. పెద్ద పళ్లచక్రం మీద బాగానే ఉంది గానీ చిన్న పళ్లచక్రాల మీదికి రాగానే చైను వేలాడి ఫ్రేముకి కొట్టుకునేది.

ఇప్పుడు వెనక పళ్లచక్రాలు చూడండి. మీ సైకిల్‌కి ఉన్నది 7 పళ్లచక్రాల ఫ్రీవీల్, అంటే ఒకే మర మీద బిగించే పళ్లచక్రాల గుత్తి. మీరు రోజూ వాడే రెండు మూడు చక్రాలు ఏవో మీకే తెలుస్తుంది, సాధారణంగా మధ్యవి, లేదా కింద చిన్నవి. గుడ్డతో తుడిచి పక్కనుంచి చూడండి. కొత్త పన్ను రెండు వైపులా ఒకే వాలుతో ఉంటుంది. అరిగిన పన్ను ఒక వైపుకి కొక్కెంలా, పులిగోరులా వంగి ఉంటుంది. మీరు అసలు వాడని పెద్ద చక్రం పక్కనే ఉంది కదా, దానితో పోల్చుకుంటే తేడా కంటికే తెలిసిపోతుంది.

జారడం కూడా అన్నీ ఒకటి కాదు. బలంగా తొక్కినప్పుడే, అదీ మీరు బాగా వాడే గేర్లలోనే జారితే అది అరుగుదల. వాడని గేరులో పెట్టి అదే ఫ్లైఓవర్ ఎక్కి చూడండి, జారకపోతే అనుమానం తీరినట్టే. అలా కాకుండా మామూలుగా తొక్కుతున్నా టిక్‌టిక్‌మని చప్పుడు చేస్తూ పక్క చక్రం మీదికి పోవాలా వద్దా అన్నట్టు ఊగుతుంటే, అది గేరు కేబులు వదులవడం. చైనుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే యంత్రాన్నే డిరేలియర్ అంటారు. వెనక డిరేలియర్‌లోకి కేబులు దూరే చోట వేళ్లతో తిప్పే చిన్న మర ఉంటుంది. పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి మొరాయిస్తుంటే సైకిల్ వెనక నించుని దాన్ని గడియారానికి ఎదురు దిశలో అర చుట్టు తిప్పండి. చాలాసార్లు అంతటితో సరి. ఇంకో రకం ఉంది. పెడల్ ఇంచుమించు మూడు చుట్లు తిరిగినప్పుడల్లా లెక్కపెట్టినట్టు ఒకసారి ఎగురుతుంది. అది ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయి, చైను పూర్తిగా ఒక చుట్టు వచ్చినప్పుడల్లా తగులుతోందన్నమాట. పెడల్ వెనక్కి నెమ్మదిగా తిప్పుతూ చూస్తే ఆ లింకు వంగకుండా నిక్కపొడుచుకుని కనబడుతుంది. ఒక చుక్క నూనె వేసి, రెండు చేతుల బొటనవేళ్లతో అటూ ఇటూ పక్కలకి వంచితే వదులవుతుంది. ఇక సైకిల్ ఎప్పుడైనా కుడివైపు పడిందా? పడి ఉంటే డిరేలియర్ తగిలించే చిన్న చెవి వంగి ఉండొచ్చు. వెనక నుంచి చూసినప్పుడు డిరేలియర్‌లోని రెండు చిన్న చక్రాలు పళ్లచక్రాలకి సూటిగా కింద ఉండాలి, చక్రం వైపు వాలి ఉండకూడదు.

మీరు రాసిన లక్షణాలకి మొదటిదే, అంటే అరుగుదలే సరిపోతోంది. కాబట్టి నా సలహా ఏమిటంటే, చైనూ ఫ్రీవీలూ రెండూ కలిపి మార్చండి. ఒక్క చైనే మారిస్తే కొత్త చైను పాత పళ్ల మీద కూర్చోదు, ఇంకా ఎక్కువ జారుతుంది. డిరేలియర్, హ్యాండిల్ మీది గేరు మీటలు, ముందు క్రాంకు సెట్టు (పెడల్ కాళ్లు, ముందు పళ్లచక్రాలు), ఇవి ముట్టుకోనక్కర్లేదు. ముందు పళ్లచక్రానికి పళ్లు ఎక్కువ, ఒక్కో పన్ను మీద భారం తక్కువ, అందుకే అది ఎక్కువ కాలం వస్తుంది. ఫ్రీవీల్ విప్పడానికి దానికని ఒక రిమూవర్ ఉంటుంది, పెద్ద పానా కావాలి. తొక్కినకొద్దీ బిగుసుకునే మర అది, రెండేళ్ల బిగుతు చేత్తో వదలదు. అది షాపులోనే చేయించండి. మొత్తం కూలీతో సహా మీకు చెప్పినదాంట్లో మూడో వంతుకి అటూ ఇటూగా తేలుతుంది. విప్పిన పాత సామాను మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకోండి. షాపాయన మోసగాడని కాదు. ఆయనకి మొత్తం సెట్టు మార్చడం గంటలో అయ్యే పని, తర్వాత మీరు తిట్టరు. ఏది బాగుందో ఏది పోయిందో ఒక్కొక్కటే చూసి చెప్పడానికి పట్టే టైముకి ఎవరూ డబ్బులివ్వరు.

ఈసారి కొత్త చైను ఎక్కువ కాలం రావాలంటే నూనె సంగతి చెప్పాలి. ఇక్కడే మనవాళ్లంతా తప్పు చేస్తారు, చిన్నప్పుడు నేనూ చేశాను. మా షాపు పక్కన ట్రాక్టర్ మెకానిక్ ఉండేవాడు. ఆయన తీసేసిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి ఒక అద్దె సైకిల్ చైను నిండా పోశాను, మెరిసిపోతుంటే మురిసిపోయాను. నాన్న ఏమీ అనలేదు. వారం తర్వాత ఆ చైను మీద వేలు రాసి, ఆ నల్లటి ముద్దని నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దమన్నాడు. గరగరలాడింది. నూనె, దుమ్ము కలిస్తే కత్తికి సాన పట్టే ముద్ద అవుతుంది. చైను పైన కనబడే నూనె మొత్తం దుమ్ముకి పిలుపే.

నూనె కావలసింది లోపల, పిన్ను తిరిగే చోట. అందుకని ముందు పాత బనియన్ గుడ్డకి కాస్త కిరోసిన్ గానీ డీజిల్ గానీ అద్ది చైనుని గట్టిగా పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పండి. గుడ్డ మడత మార్చి మార్చి, నలుపు తగ్గేదాకా. ఆ చుక్కలు టైరు మీద, బ్రేకు రబ్బర్ల మీద పడకూడదు. ఆరాక, కింది వరసలో లోపలి వైపు నుంచి రెండు పలకల మధ్య తిరిగే ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క. మొత్తం 110 చుక్కలు, ఓపికగా. ఒక నిమిషం పెడల్ తిప్పండి, పావుగంట వదిలేయండి, ఆ తర్వాత పొడి గుడ్డతో పైన ఉన్నదంతా తుడిచేయండి. ఈ చివరి తుడవడం మానేస్తే మొదటి నుంచీ చేసినదంతా దండగ. ఆ పావుగంట పక్కన పెడితే మొదటిసారి ఇరవై నిమిషాలు పడుతుంది, అలవాటైతే ఎనిమిది. ప్రతి 200 కిలోమీటర్లకి ఒకసారి, వానలో తడిస్తే మర్నాడే.

ఏ నూనె? సైకిల్ చైనుకని అమ్మే లూబ్ మంచిదే, మన ఎండాకాలానికి డ్రై రకం, వానాకాలానికి వెట్ రకం. అది దొరకకపోతే కుట్టుమిషను నూనె వాడుకోవచ్చు, కాకపోతే తొందరగా ఆరిపోతుంది, మళ్లీ మళ్లీ వేయాలి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకి జిగురు కడుతుంది. నీలం డబ్బాలో స్ప్రే చేసే డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి, బిగుసుకున్న నట్టు విప్పడానికి బాగుంటుంది. దాన్నే చైనుకి నూనెలా వాడితే ఉన్న నూనె కడిగేసి తాను ఆవిరైపోతుంది. రెండు రోజుల తర్వాత చైను పిచ్చుకలా కూస్తుంది.

ఇక పంచర్లు. ఒకే చక్రం, నెలకి రెండుసార్లు అంటే అది దురదృష్టం కాదు, ఏదో కారణం అక్కడే కూర్చుని ఉంది. మీరు టైరు వేలితో నొక్కి చూసి గాలి సరిపోయిందనుకుంటానని రాశారు. పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత, వేలికి 35 పీఎస్ఐకీ 60కీ తేడా తెలియదు. నాకూ తెలియదు. ట్యూబు రబ్బరులోంచి గాలి రోజూ కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంటుంది, పంచర్ లేకపోయినా. మీటరున్న నిలువు పంపు ఒకటి కొనండి. ఈ ఉత్తరం మొత్తంలో కొనమని నేను గట్టిగా చెప్పే వస్తువు అదొక్కటే. టైరు పక్కన కనిష్ఠం, గరిష్ఠం అచ్చు వేసి ఉంటాయి, ఆ రెంటి మధ్యే ఉండాలి. మీది 35 మిల్లీమీటర్ల టైరు, మీ బరువు 75 అన్నారు కాబట్టి ముందు 55, వెనక 65 తో మొదలుపెట్టండి. వారానికోసారి, ఆదివారం పొద్దున్నే. పెట్రోల్ బంకు కంప్రెసర్ కారు టైర్ల కోసం పెట్టింది, సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ. రెండు సెకన్లు ఎక్కువ నొక్కితే టపాకాయే.

తర్వాతిసారి పంచర్ అయినప్పుడు షాపులో ట్యూబుకి ప్యాచ్ వేసి ఇచ్చేస్తే సరిపోదు, రంధ్రం ఎక్కడుందో చూడండి. మా నాన్న తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు వచ్చిన చోట చీపురుపుల్ల గుచ్చి, "ఇది చెప్పే కథ విను" అనేవాడు. పక్కపక్కనే రెండు చిన్న గాట్లు ఉంటే గాలి తక్కువగా ఉండి గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగిందని. రిమ్ము వైపు, అంటే ట్యూబు లోపలి అంచున రంధ్రం ఉంటే, స్పోకు తలల మీద కప్పే రిమ్ టేపు పక్కకి జరిగిందని. ఆ టేపు సరిచేయకుండా వంద ప్యాచులు వేసినా అంతే. వాల్వు మొదట్లో చిరిగితే పంపు తల అడ్డదిడ్డంగా లాగుతున్నారని. బయటి వైపు ఒకే చుక్క ఉంటే ముల్లో మేకో. దాన్ని టైరులోంచి తీశారా లేదా అన్నదే ప్రశ్న.

మీ కేసులో నా అనుమానం ఈ చివరిదాని మీదే. హైవే పక్కన పేలిపోయిన లారీ టైర్ల ముక్కలు చూసే ఉంటారు. వాటిలోంచి వచ్చే సన్నటి స్టీలు తీగ సూదికన్నా సన్నంగా ఉంటుంది. టైరులో గుచ్చుకుని బయటికి కనబడదు, లోపలికి ఒక మిల్లీమీటరు పొడుచుకు వస్తుంది. కొత్త ట్యూబు వేసినా పది రోజుల్లో నెమ్మదిగా పొడుస్తుంది. వేలితో తడిమితే తెలియకపోవచ్చు, తెలిస్తే వేలు కోసుకుంటుంది. దూది ఉండ తీసుకుని టైరు లోపల చుట్టూ రాయండి, తీగ ఉన్న చోట దూది పీచు పట్టుకుంటుంది. నెయిల్ కట్టర్‌తో లాగేయండి. దీనికో చిట్కా ఉంది, టైరు ఎక్కించేటప్పుడు టైరు మీది బ్రాండు పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా ఎక్కించండి. అప్పుడు ట్యూబులో రంధ్రం వాల్వుకి ఎంత దూరంలో ఉందో, టైరులో కూడా అంతే దూరంలో వెతకవచ్చు.

ఊళ్లలో అయితే మన శత్రువులు తుమ్మముల్లు, పల్లేరు కాయ. అరిజోనాలో ఉండే మా బావమరిది సైకిల్ టైరులో దిగిన కాయ ఫొటో పంపాడు, వాళ్లు దాన్ని మేకతల అంటారట. చూస్తే మన పల్లేరే!

ప్యాచ్ మీరే వేసుకోవచ్చు. ట్యూబుని ఆకురాయితో గానీ గరుకు కాగితంతో గానీ మెరుపు పోయేదాకా గీయండి, సొల్యూషన్ పల్చగా, ప్యాచ్ కన్నా కాస్త వెడల్పుగా రాయండి. ఆ తర్వాత ఏమీ చేయకుండా ఆగాలి. నాలుగైదు నిమిషాలు. తడిగా ఉండగానే అంటిస్తే అది మర్నాటికి లేచొస్తుంది. నిజానికి సగం ప్యాచులు ఊడేది ఈ తొందర వల్లే. సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీశాక కొన్ని నెలల్లో లోపలే ఎండిపోతుంది, బ్యాగులో పెట్టుకుని రెండేళ్లు తిరిగి అవసరానికి తీస్తే ఖాళీ రేకు మిగులుతుంది. దారిలో ప్యాచ్ వేయడం కన్నా స్పేర్ ట్యూబు మార్చుకుని, ప్యాచ్ ఇంటికొచ్చాక తాపీగా వేసుకోవడం నయం. వెనక టైరు నున్నబడి, దారాలు కనబడుతుంటే మాత్రం ఇవేవీ పని చేయవు, టైరే మార్చాలి. అప్పుడు కొత్త టైరుని ముందు చక్రానికి వేసి, ముందుదాన్ని వెనక్కి మార్చండి. వెనక టైరు పేలితే సైకిల్ తడబడుతుంది, ఆపుకోవచ్చు. ముందుది పేలితే మనం రోడ్డు మీద ఉంటాం.

బ్రేకు కీచుమనడానికి పది రూపాయల వైద్యం సరిపోవచ్చు. రిమ్ముని సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి, బ్రేకు రబ్బర్లని గరుకు కాగితంతో పైపొర పోయేలా రుద్దండి. రబ్బరులో మెరిసే చిన్న లోహపు ముక్కలు దిగబడి ఉంటే సూదితో పీకేయండి, అవి రిమ్ముని కోస్తుంటాయి. అయినా కీచుమంటే, రబ్బరు ముందు అంచు వెనక అంచు కన్నా ఒక పోస్టుకార్డు మందం ముందుగా రిమ్ముకి తగిలేలా బిగించాలి. రబ్బరు మీది గాడులు అరిగి కనబడకపోతే కొత్తవి వేయండి. డిస్కు బ్రేకులున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట, ఆ డిస్కు దరిదాపుల్లోకి నూనె స్ప్రే తేవద్దు.

బైకులు కడిగే చోట సైకిల్‌ని కూడా ప్రెషర్ పైపు కింద పెట్టించే అలవాటుంటే మానేయండి. ఆ నీళ్లు చక్రాల నడుమ ఉండే హబ్బుల్లోకి, క్రాంకు లోపలికి దూరి గ్రీజుని కడిగేస్తాయి, లోపలి బాల్సు తుప్పు పడతాయి. బకెట్టు, గుడ్డ చాలు. ఏడాదికోసారి, వానలు వెళ్లాక, హబ్బులు విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి. బోర్డు మీద "ఓవరాయిలింగ్" అని రాసి ఉండేది ఈ పనే. మధ్యలో అనుమానం వస్తే చక్రాన్ని పైన పట్టుకుని పక్కలకి ఊపి చూడండి, టకటకమని ఆడితే ఇరుసు మీద బాల్సుని పట్టి ఉంచే కోను వదులైంది. స్పోకులు మాత్రం మీ అంతట మీరు బిగించకండి. ఔటు తీయడం, అంటే చక్రం వంకర సరిచేయడం, పావు చుట్టు పావు చుట్టుగా చేసే పని, కుదిరేదాకా నా చేతిలోనే రెండు చక్రాలు గుడ్డు ఆకారానికి వచ్చాయి.

ఇంట్లో ఉండాల్సిన పనిముట్లు అడిగారు. పంపు సరే, 4, 5, 6 ఎలన్ కీలు, 15 నంబరు పానా, ప్లాస్టిక్ టైరు లివర్లు రెండు, ప్యాచ్ కిట్. దీంతో నెలల తరబడి గడిచిపోతుంది. ఆ 15 పానా పెడల్ కోసం. ఎడమ పెడల్ మర మామూలుకి తిరగేసి ఉంటుంది, గడియారం దిశలో తిప్పితే వదులవుతుంది. తొమ్మిదో తరగతిలో ఇది తెలియక, పానాకి ఇనుప పైపు తొడిగి మరీ బిగించి, క్రాంకు మర మొత్తం చెడగొట్టాను. ఆ క్రాంకు చాలా ఏళ్లు మా షాపు తలుపుకి అడ్డుగా పనికొచ్చింది.

యాక్సెసరీల్లో వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, బెల్లు, మడ్‌గార్డులు, వీటి మీద పెట్టిన డబ్బు వృథా కాదు. మడ్‌గార్డు ఉంటే వానలో మీ చొక్కాయే కాదు చైను కూడా బతుకుతుంది. తాళం సన్నటి తీగది వద్దు, చిన్న కట్టర్‌కి తెగుతుంది. యూ ఆకారం తాళం కొని ఫ్రేమునీ వెనక చక్రాన్నీ కలిపి ఏదైనా కదలనిదానికి వేయండి. మెత్తటి జెల్ సీటు కవరు గురించి అడిగారు, నేను కొనను. నొప్పి సీటు గట్టిదనం వల్ల కాదు, ఎత్తు కుదరక. మడమ పెడల్ మీద పెట్టి అది అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా వస్తే సీటు ఎత్తు సరైనట్టు. మనవాళ్లు నూటికి తొంభై మంది కింద పెట్టుకుని తొక్కి మోకాళ్లు నొప్పులంటారు. ఫోన్ హోల్డర్ మీ ఇష్టం. నా ఫోను ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర సెలవు తీసుకుంది.

నాన్నగారి సైకిల్ దగ్గరికి వద్దాం. దాన్ని తప్పకుండా దారిలో పెట్టండి, ఆ ఫ్రేములు మనకన్నా ఎక్కువ కాలం ఉంటాయి. కానీ టైర్లు ఆన్‌లైన్‌లో 28 అని చూసి కొనేయకండి. పాత కడ్డీ బ్రేకుల సైకిళ్ల 28 × 1½ టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. మీ హైబ్రిడ్‌ది 622, దాన్ని కూడా 28 అనే అమ్ముతారు. 13 మిల్లీమీటర్ల తేడా, ఎంత లాగినా ఎక్కదు. ఇక్కడ పేరు నమ్మకూడదు, టైరు పక్కన 40-635 లాంటి అంకె ఉంటుంది, అందులో రెండోది కలవాలి. దాని వాల్వులో సన్నటి రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకపోతే అది ఎండి చిట్లుతుంది, గాలి నిలవదు, పంచరేమో అనుకుని ట్యూబు మార్చేస్తుంటారు. ముందు ఆ వాల్వు ట్యూబు మార్చి చూడండి, కొన్ని రూపాయలే. చైను కలిపే చోట ఉండే స్ప్రింగు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను ముందుకి కదిలే దిశలో ఉండాలి, తిరగేసి వేస్తే దారిలో ఊడుతుంది. స్టీలు రిమ్ము తడిస్తే ఆ బ్రేకులు దాదాపు పట్టవు, కాబట్టి వానలో దాన్ని బయటికి తీయకండి.

ఒక చిన్న పని మాత్రం మీ చేతులతోనే చేయండి. హబ్బు నడుమ రంగురంగుల బ్రష్ చుట్ట ఉంటే దాన్ని పక్కకి జరపండి. కింద రేకు క్లిప్పు కనబడుతుంది, దాన్ని గోటితో తిప్పితే చిన్న రంధ్రం ఉంటుంది. అందులో నాలుగు చుక్కలు నూనె వేసి, క్లిప్పు మూసి, చక్రాన్ని గాల్లో లేపి తిప్పండి. ముందు గరగరమంటుంది, కాసేపటికి ఆ చప్పుడు తగ్గుతుంది. తగ్గకపోతే బాల్సు మార్చాలి. తిప్పి చూశాక, మీ హైబ్రిడ్ చైను కొలత ఎంత వచ్చిందో కూడా రాయండి.